అరణపు పింగాణీ

“ముట్టుకోకండి! ఒక్క పళ్ళెం కూడా ఎవరూ ముట్టుకోకండి!”

జుడిత్ దొరసాని కేకకి వెనక వసారాలో ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు.

వంటింటి నుంచి వేడినీళ్ళ కూజా తెస్తున్న బైనా గుమ్మంలోనే ఆగిపోయింది. ఆగి, ముందు కూతురి చేతుల వంక చూసింది. పిడుగు పడ్డా, పిల్లి అరిచినా ముందు కుంబా వంక చూడటం ఆమెకు అలవాటు. ఏదో పగిలింది. పగలగొట్టింది ఇదే అయి ఉంటుంది. ఇక దీని వీపు...

కుంబా చేతులు ఖాళీగా ఉన్నాయి. పెట్టెకి బారెడు దూరంలో, గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

బైనాకి ఊపిరి ఆడింది.

పెట్టెల మూతలు పీకుతున్న పడవవాడు క్వాష్ ఇనుప గడ్డపార కింద పడేసి రెండు చేతులూ ఎత్తేశాడు. “నా తప్పేం లేదు దొరసానమ్మా! చార్ల్‌స్టన్ రేవు నుంచి ఇక్కడిదాకా బాలింతని తెచ్చినట్టు తెచ్చాను. నది కూడా ఇవాళ ఒక్క కుదుపు కుదపలేదు, కావాలంటే నదినే అడగండి.”

“నోరు ముయ్యి క్వాష్.”

ఆ గొంతులో కోపం లేదు. అదే బైనాని ఎక్కువ భయపెట్టింది. కోపం వచ్చిన దొరసాని ఏం చేస్తుందో తెలుసు. ఇలా మెత్తబడిపోయిన దొరసాని ఏం చేస్తుందో తెలీదు.

దొరసాని పెట్టెలోంచి తీసి పోసిన గడ్డి మధ్యలో నేలమీద కూర్చుంది. విధవ కట్టే నల్లబట్టల నిండా గడ్డిపరకలు. ఒడిలో ఒక పళ్ళెం పెట్టుకుని దానిమీద వేలు పెట్టి రాస్తోంది, పసిపిల్ల బుగ్గ మీద రాసినట్టు.

సగం జడ అల్లుకుని సగం వదిలేసి పెద్దకూతురు హెస్టర్ మెట్లు దిగి వచ్చింది.

“పగిలిందా? అమ్మా, చెప్పు, ఏది పగిలింది?”

“ఏదీ పగల్లేదు.”

“మరి ఆ కేకేమిటి?”

“లిడియా” అంది దొరసాని.

చిన్నకూతురు జ్వరం తగిలి పోయినప్పటి నుంచి ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. దొరసాని అనేది కాదు, ఇంకొకరిని అననిచ్చేదీ కాదు. హెస్టర్ మెల్లగా వంగి తల్లి ఒడిలోకి చూసింది. తర్వాత పెట్టెలోంచి ఇంకో పళ్ళెం తీసింది.

శంఖం లాంటి తెలుపు. అంచు చుట్టూ నీలం. నడిమధ్య బంగారు రంగులో వరికట్ట. ఆ వరికట్ట మీద, పైకి నిలిచిన కంకి కొసని, గోరంత ఎర్రపిట్ట. మెడ వెనక్కి తిప్పుకుని, ఒక కాలు పొట్టలోకి ముడుచుకుని కూర్చుంది.

హెస్టర్ ఇంకోటి తీసింది. పిట్ట. మూతగిన్నె తీసింది. మూత మీద పిట్ట, గిన్నె మీద పిట్ట. టీ కప్పు తీసింది. అందులోనూ పిట్టే, కాకపోతే ఇంకా చిన్నది.

“మనం చీనాకి పంపిన బొమ్మలో పిట్ట లేదు కదమ్మా?”

“లేదు. మీ నాన్న ముద్ర మీది వరికట్ట ఒక్కటే.”

“మరి ఆ చీనావాళ్ళు ఎందుకేశారు?”

“వాళ్ళు సొంతంగా ఏమీ వెయ్యరే. కాగితంలో ఏముంటే అది దించుతారు. కాగితం మీద ఈగ చచ్చిపడి ఉంటే ఈగనీ దించి పెడతారు.” దొరసాని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. “ఆ కాగితం భోజనాల బల్లమీద ఆరబెట్టిన రోజు రంగులపెట్టె ఎవరి చేతిలో ఉంది? నా లిడియా చేతిలో. ఓడ కెప్టెన్ మనిషి పోటు తప్పిపోతుందని తొందరపెడితే చూసుకోకుండా చుట్టేసి ఇచ్చాను. నా బిడ్డ నాకు తెలీకుండా పిట్టని పంపింది. చూడు, ఎన్ని పిట్టలై తిరిగొచ్చిందో.”

బైనా చేతిలో కూజా ఒరిగింది. నీళ్ళు పాదం మీద చిలికితే వేడి కూడా తెలీలేదు. ఎందుకంటే గోడ పక్కన కుంబా మొహం చూసింది. ఆ మొహంలో దీపం వెలిగింది. పెదవులు విడివడుతున్నాయి.

“కుంబా!” అంది బైనా గట్టిగా. “నీళ్ళు చల్లారుతున్నాయి, పద వంటింట్లోకి.”

“ఉండవే, ఎక్కడికి?” అంది హెస్టర్. “పళ్ళేలు లెక్కపెట్టి గడ్డిలో చుట్టాలి. వచ్చేవారం పెళ్ళి, పెళ్ళయిన మర్నాడే ప్రయాణం.”

“చుట్టక్కర్లేదు” అంది దొరసాని.

“అంటే?”

“ఈ పింగాణీ ఈ గడప దాటదు.”

క్వాష్ తన టోపీని చేతుల్లో గుండ్రంగా తిప్పుకుంటూ నిలబడ్డాడు.

ఆ పింగాణీ తెచ్చే ఓడ కోసం ఇల్లంతా రెండు వరికోతలపాటు ఎదురు చూసింది. వెనకటి యుద్ధంలో శత్రు సిపాయిలు జుడిత్ దొరసాని పుట్టింటి మీద పడి ఆమె తల్లి చీనాలోని కాంటన్ రేవు నుంచి తెప్పించుకున్న పింగాణీనంతా తుపాకీ మడమలతో పొడి చేశారట. ఉత్త చేతులతో అత్తారింటికి వచ్చానన్న ములుకు ఆమెకి గుండెలోంచి ఊడలేదు. నా కూతురు పింగాణీ లేకుండా కాపురానికి వెళ్ళదని పట్టుపట్టింది. హెస్టర్‌ని చేసుకోబోయే, జార్జియా దీవుల్లో ఎస్టేటున్న కర్వెన్ దొర అంతకాలమూ పెళ్ళికొడుకుగానే ఉండిపోయాడు. ఓడ క్షేమంగా రావాలని దొరసాని మొక్కింది, హెస్టర్ మొక్కింది, చర్చిలో పాదిరీ మొక్కాడు.

రాకూడదని మొక్కింది బైనా ఒక్కతే. పింగాణీకి చెప్పి పంపిన రోజే దొరసాని కుంబాని కూడా చూపించి అంది: “పళ్ళేలతో పాటు దీన్నీ అరణంగా ఇస్తాను. పళ్ళేలు ఎక్కడుంటే ఇదీ అక్కడే.”

అరణంగా వెళ్ళిన బానిసలు తిరిగిరారు. కుంబా తండ్రి కేటోని అలాగే దొరసాని తమ్ముడికి కానుకగా సవానా నగరానికి పంపారు. పడవ ఎక్కుతూ “వరి ఈనేలోగా వస్తాను” అన్నాడు. వరి ఎన్నిసార్లు ఈనిందో బైనా లెక్కపెట్టడం మానేసింది.

ఇప్పుడేమో ఈ పింగాణీ ఈ గడప దాటదు! ఆ మాట ఆమె చెవుల్లో తేనె పోసినట్టుంది. కాని కీడెంచి మేలెంచమన్నారు. బైనా కీడే ఎంచింది.

*

వంటింటి వెనక రోలు దగ్గరికి కూతురి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

“అమ్మా, చూశావా? నా...”

బైనా ఆమె నోరు మూసేసింది. “నేనేం చూళ్ళేదు. నువ్వూ చూళ్ళేదు.”

కుంబా తల్లి చెయ్యి విదిలించుకుంది. “నా పిట్టమ్మా అది! నేను వేసిందే! లిడియా అమ్మగారు వేస్తే చిలగడదుంపకి కాళ్ళొచ్చినట్టుండేది. ‘నువ్వు వెయ్యవే కుంబా, చేలో పిట్టలు తోలినదానివి, నీకు తెలుసు’ అంది. వేశాను.”

“మెల్లగా చావవే తల్లీ, నీకు దండం పెడతాను.”

“ఒక్కటేనమ్మా నేను వేసింది. ఒక్కటి! సముద్రాలు దాటి వెళ్ళి మంద అయి వచ్చింది. ముడుచుకున్న కాలు కూడా నేను వేసినట్టే ఉంది. ఎవరో, నా మొహమైనా చూడనివాళ్ళు, కూర్చుని నా పిట్టని చూసి చూసి వేశారమ్మా.”

ఆ కళ్ళలో వెలుగు బైనా చూసింది. పుట్టినప్పటి నుంచీ దాని మొహాన అంత సంతోషం చూడలేదు. తన చేత్తోనే దాన్ని ఆర్పాలి.

“విను. దొరసాని అది లిడియామ్మ పిట్ట అనుకుంటోంది. అందుకే పళ్ళేలు ఉంచేసుకుంటానంటోంది. పళ్ళేలు ఉంటే నువ్వు ఉంటావు. పిట్ట నాది అన్నావో, పళ్ళేలు పడవెక్కుతాయి. వాటి వెనకాలే నువ్వు. అంతేనా? దొరసాని బిడ్డ బొమ్మలో వేలు పెట్టావని ముందు నీ వీపు చీరుతారు, ఆ తర్వాత పడవ.”

“నేను అబద్ధం చెప్పాలా?”

“చెప్పమన్నానా? ఊరుకోమన్నాను.”

కుంబా రోటి అంచు మీద కూర్చుంది. రోట్లో అడుగున మిగిలిన నూకలు ఒక్కొక్కటే వేలితో ఏరింది.

“నాదంటూ ఏముందమ్మా?” అంది చివరికి. “ఈ గౌను హెస్టర్ అమ్మగారి పాతది. దుప్పటి దొరసానిది. ఈ కాళ్ళూ చేతులూ కూడా వాళ్ళవేనంటారు. ఆ పిట్ట ఒక్కటే నాది. అదీ ఇచ్చెయ్యాలా?”

“నేను లేనూ? నేను నీదాన్ని కానూ?”

కుంబా తలెత్తి చూసింది. అవునని అనలేదు. కాదనీ అనలేదు.

“వంట చేస్తున్నారా, సమాధి తవ్వుతున్నారా?” అంటూ క్వాష్ మూల తిరిగి వచ్చాడు. “బైనక్కా, లోపల గంట కొడుతున్నారు. తొట్టి తెమ్మంటున్నారు. పళ్ళేలు కడుగుతుందట మహాతల్లి. హెస్టర్ అమ్మగారు మటుకు మూతి అటు పెట్టుకు కూర్చుంది. ఆ మూతి మీద పొయ్యి పెట్టి అన్నం వండొచ్చు.”

బైనాకి నవ్వు రాలేదు. “కుంబా, నువ్వు ఇక్కడే ఉండు. నేను తీసుకెళ్తాను.”

“కుంబానే రమ్మన్నారక్కా. పేరు పెట్టి.”

బైనాకి పై ప్రాణాలు పైనే పోయాయి.

*

ఆ ఇంట్లో కాంటన్ పింగాణీని బానిసలు కడగరు. నీళ్ళు మొయ్యడం, తువ్వాలు పట్టుకోవడం, అంతవరకే వాళ్ళ వంతు. భోజనాల బల్ల దగ్గరే దేవదారు కొయ్య తొట్టి పెట్టించుకుని ఇంటి ఇల్లాలు తన చేతులతో తనే కడుగుతుంది. కూతురు తుడుస్తుంది. అలా కడిగే పని కూతురికి నేర్పడమంటే ఇక ఆమెకి ఒక ఇల్లు అప్పగించబోతున్నారని అర్థం.

ఇవాళ హెస్టర్ తుడవడం లేదు. కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. కడిగిన పళ్ళేలు తడి కారుతూ బల్లమీద పేరుకుంటున్నాయి. ఒక్కో పళ్ళెంలోంచి ఒక్కో ఎర్రపిట్ట మెడ తిప్పి చూస్తోంది.

“లిడియా వెయ్యలేదమ్మా అది” అంటోంది హెస్టర్. “నాకూ చెల్లెలే. నాకూ ప్రాణమే. కాని దాని చేతికి అంత పనితనం ఎక్కడిది? పిల్లిని వేస్తే మనం కుందేలు అనేవాళ్ళం. అది ఏడ్చేది. మరిచిపోయావా?”

“పోయిన పిల్లని వెక్కిరించకు.”

“వెక్కిరిస్తున్నానా? నిజం చెబుతున్నాను. చీనావాడెవడో సరదాకి వేసిన పిట్టని పట్టుకుని నా పెళ్ళి అరణం ఆపుతున్నావు. పోయినదాని మీద ఉన్న ప్రేమలో ఉన్నదానికి వీసమైనా మిగల్చలేదు నువ్వు.”

దొరసాని చేతులు నీళ్ళలో ఆగిపోయాయి. తొట్టిలో నీళ్ళు కదిలి కదిలి నిమ్మళించాయి.

“కుంబా, ఇలా రా” అంది తలెత్తకుండానే. “లిడియాకి తోడుండేది నువ్వే. ఆ రోజు నువ్వే దగ్గరున్నావు. చెప్పు. ఈ పిట్టని ఎవరు వేశారు?”

“నిజం చెప్పవే” అంది హెస్టర్. “నిజం చెబితే నిన్నెవరూ ఏమీ అనరు. నాది పూచీ.”

బైనా వేడినీళ్ళు తొట్టిలో పోస్తూ కూతురి వంక చూడలేదు. చూస్తే మొహంలో అంతా రాసి ఉంటుందని భయం. నీటిధార వంకే చూస్తూ లోపల లోపల వాళ్ళమ్మ నేర్పిన పాత దేవుళ్ళనీ, ఈ దేశం వచ్చాక నేర్చుకున్న దేవుణ్ణీ కలిపి పిలిచింది.

కుంబా బల్లమీది పళ్ళెం వంక చూసింది. తనదైన ఆ ఒక్కదాని వంక.

“లిడియా అమ్మగారే వేశారండి” అంది.

హెస్టర్ విసురుగా తిరిగింది. “నువ్వు చూశావా?”

“చూశానండి. నేను రంగుగిన్నె పట్టుకున్నాను.” కుంబా పళ్ళెం మీంచి చూపు తిప్పలేదు. “ముందు వేలితో గాలిలో వేసుకున్నారు. తర్వాత కుంచె చివర నాలికతో తడిపి మొన చేసుకున్నారు. ‘పిట్ట వాలని వరి ఏం వరి? పండిందని పిట్టకి తెలిస్తేనే అది పంట’ అన్నారు. కాలు ఎందుకు ముడిచారంటే... ఎగిరి ఎగిరి అలిసిపోయి ఇప్పుడే ఇల్లు చేరిందన్నారు.”

బైనాకి తెలుసు ఆ మాటలెవరివో. పొలంలో పిట్టలు తోలే రోజుల్లో ఆ పిల్ల సాయంత్రం ఇంటికొచ్చి తల్లి ఒళ్ళో తల పెట్టుకుని అచ్చం అలాగే చెప్పేది. ఒక్కో మాటా తీసి చచ్చిపోయిన పిల్లకి ఇచ్చేస్తోంది.

దొరసాని నోటికి తడి చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, పక్కనున్న కుర్చీని కాలితో దగ్గరికి లాగింది.

“కూర్చో కుంబా.”

కుంబా అర్థంకానట్టు నిలబడింది.

“కూర్చోవే. చేతులు తొట్టిలో పెట్టు. ఇక నుంచి నువ్వూ నేనూ కడుగుదాం. కడుగుతూ నాకు నా బిడ్డ కబుర్లన్నీ చెబుతావు. ఏమంది, ఎలా నవ్వింది, అన్నీ. నువ్వు ఎక్కడికీ వెళ్ళొద్దు. నేను బతికున్నన్నాళ్ళూ నా పక్కనే ఉండాలి.”

కుంబా నల్లని చేతులు గోరువెచ్చని నీళ్ళలోకి దిగాయి.

బైనా ఖాళీ కూజాని గుండెకి అదుముకుంది. ఉండిపోయింది. పిల్ల ఉండిపోయింది! ఈ సంతోషంలో కూడా ఎక్కడో ముల్లు ఉండే ఉంటుందని వెతుక్కుంది. దొరసాని మనసు మారుతుందేమో. కుంబా ఎప్పుడైనా నోరు జారుతుందేమో. కడిగి కడిగి బొమ్మ చెరిగిపోతుందేమో.

“బాగుంది” అంది హెస్టర్. ఆమె గొంతులో ఇప్పుడు విసురు లేదు. “పింగాణీ నీకే. కుంబా నీకే. లిడియా ఎప్పుడూ నీకే. నేను ఉత్త చేతులతో వెళ్ళాలి. నువ్వు వచ్చినట్టే.”

ఆ ఆఖరి మాట తగిలింది. దొరసాని చివుక్కున తలెత్తింది.

“అలా అనకు హెస్టర్. నా కూతురు అలా వెళ్ళకూడదు. అడుగు. ఈ పళ్ళేలూ ఈ పిల్లా కాక ఇంట్లో ఏం కావాలన్నా అడుగు. వెండి కావాలా? నిలువుటద్దం కావాలా?”

హెస్టర్ వెండి వంక చూడలేదు. అద్దం వంకా చూడలేదు. కిటికీలోంచి నది వంక చూసింది, పోటు ఎక్కి కిందికి పారడానికి సిద్ధంగా ఉన్న నీళ్ళ వంక.

“ఆ దీవిలో నాకు ఎవరూ తెలీదమ్మా” అంది. “ఆయన్ని నేను నాలుగుసార్లు చూశానేమో. నువ్వేమో పోయినదాన్ని పట్టుకుని కూర్చున్నావు, నేను భయపడుతున్నానని ఒక్కసారైనా కనిపెట్టావా? నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యేసింది నువ్వు కాదు. చీకటంటే భయపడితే పక్కన పడుకుంది నువ్వు కాదు.” కిటికీ వదిలి తల్లి వైపు తిరిగింది. “నాకు బైనాని ఇవ్వు.”

బైనాకి మొదట ఆ పేరు తనదని తోచలేదు.

“బైనానా?” అంది దొరసాని. ఆమె అప్పటికే మళ్ళీ పళ్ళెం మీదికి వంగింది. పిట్ట చుట్టూ అంటుకున్న గడ్డిపరకని గోటితో తీస్తోంది. “ఓ, అదెంత. తీసుకెళ్ళు.”

ఇన్నేళ్ళుగా ఎన్ని భయాలు! పిల్ల నదిలో పడుతుందని, పాము కరుస్తుందని, జ్వరం తగులుతుందని, పింగాణీ వెంట పడవెక్కిస్తారని. ప్రతి భయాన్నీ రోజూ తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది బైనా. ఈ ఒక్కటీ అందులో లేదు. ఎవరు వెళ్ళినా మధ్యలో అదే సముద్రమని ఒక్కనాడూ తోచలేదు.

తొట్టిలో నీళ్ళ చప్పుడు ఆగింది.

“దొరసానమ్మా” అంది కుంబా. చేతులు బయటికి తీసింది. మోచేతుల నుంచి నీళ్ళు కారి తెల్లటి బల్లగుడ్డ మీద పడుతున్నాయి. “దొరసానమ్మా, ఆ పిట్ట...”

దొరసాని భుజం మీదుగా బైనా తల అడ్డంగా ఊపింది. వద్దు. నువ్వు వెళ్ళే బదులు నేను వెళ్తాను. వద్దు తల్లీ, వద్దు. కుంబా తల్లి వంకే చూస్తోంది. ఆ పెదవులు మూతపడటం లేదు.

“ఊఁ, చెప్పవే” అంది దొరసాని మురిపెంగా, తడి పళ్ళెం వెలుగులోకి ఎత్తి పట్టుకుని. “నా లిడియా పిట్ట గురించి ఇంకా ఏదో గుర్తొచ్చిందా?”